పాత వరస, కొత్త మాట: కిక్రి పాటను రెండు ముక్కలు చేయకండి

జిల్లా సాంస్కృతిక అధికారులకు, కళాకారుల ఎంపిక సంఘాల సభ్యులకు, జాతర నిర్వాహకులకు, మైకుసెట్ల వాళ్లకు, రికార్డింగ్ స్టూడియోలకు, పాటల ఛానెళ్లు నడిపేవారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, జై సేవా.

మేము మహారాష్ట్రలో తెలంగాణ అంచున ఉన్న కిన్వట్, రాజురా, కోర్పన, జివతి, సిరొంచ తాలూకాల్లో కిక్రి అనే తీగ వాయిద్యం వాయించేవాళ్లం, వంత పాడేవాళ్లం, పాటలు కట్టేవాళ్లం. మాలో గోండుల వంశకథలు పాడే ప్రధాన్లు ఉన్నారు, తోటీలు ఉన్నారు, వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్న తెలుగు ఇళ్ల పిల్లలూ ఉన్నారు. ఈ లేఖలో ఉన్న సంగతులన్నీ ఇదివరకే వినతిపత్రాలుగా ఇచ్చాం. తీసుకున్నట్టు ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాం.

గొడవ అంతా ఒక్కచోట మొదలవుతుంది. ఏ కాగితం తీసినా రెండే గడులు: ఒకటి ‘సంప్రదాయ కళ’, రెండోది ‘స్వీయ రచన’. ఆకాశవాణి ఆడిషన్‌లో కూడా జానపదం వేరు, లలిత సంగీతం వేరు. మా పాట ఈ రెంటిలో ఏ ఒక్కదానిలోనూ పూర్తిగా ఇమడదు. వరస, అంటే బాణీ, తాతలది, మాట మాది. సంప్రదాయం గడిలో పెడితే ‘ఇందులో తునికాకు రేటు గురించి ఉంది, ఇది జానపదం కాదు’ అంటారు. స్వీయ రచనలో పెడితే ‘బాణీ పాతదే కదా, మీదేముంది’ అంటారు. రెండు చోట్లా కొట్టివేతే. తమాషా ఏమిటంటే, దోమతెరల గురించి, టీకాల గురించి, ఓటు గురించి ప్రచారానికి పాట కావలసి వచ్చినప్పుడు పాత వరస మీద కొత్త మాట కట్టి ఇమ్మని అడిగేది కూడా ప్రభుత్వ కార్యాలయాలే. అప్పుడు అది జానపదమే. పింఛను అడిగినప్పుడే కాకుండా పోతుంది.

డిమాండ్లకు ముందు ఈ పాట ఎలా తయారవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. వింటే పాత వరసలో నాలుగు మాటలు దూర్చినట్టే ఉంటుంది కాబట్టి, అదేమంత పని అనుకునేవారు చాలామంది.

కిక్రి అంటే తొలిచిన చెక్క డొల్ల, దాని మీద బిగించిన తోలు, మూడు తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను. మెట్లు ఉండవు, వేలు ఆనిన చోటే స్వరం. పాడేవాడే వాయిస్తాడు. గొంతు ఒక చరణం పలికి ఆగితే కిక్రి దాన్నే తిరిగి పలుకుతుంది, వంతవాడు అందుకుంటాడు, ఆ సందులో పాడేవాడు ఊపిరి తీసుకుని తరవాతి మాట గుర్తు చేసుకుంటాడు. రాత్రంతా కథ నడిచేది ఈ సందుల బలంతోనే. కొత్తగా పాట కట్టేవాడు మొదట తప్పేది ఇక్కడే. సినిమా పాటలాగా నాలుగు పాదాలు ఆగకుండా రాస్తాడు. కిక్రికి జవాబు చెప్పే చోటు ఉండదు, రెండో చరణానికే గొంతు ఎండుతుంది.

ఇంకో చిక్కు భాషది. గోండి మాటలు చాలావరకు పొల్లుతో ఆగిపోతాయి. తెలుగు మాట అచ్చుతో సాగుతుంది. గోండి వరసలో తెలుగు నింపితే ప్రతి పాదం చివర ఒక మాత్ర అదనంగా మిగులుతుంది. దాన్ని తొక్కేస్తే మాట నలుగుతుంది, వదిలేస్తే తాళం జారుతుంది. తెలిసినవాళ్లు పాదం మధ్యలో ఒక చిన్న మాట తీసేసి చివరి అచ్చుకు చోటిస్తారు. లేదంటే ఒకే కమాను ఊపును రెండుగా విరిచి, వెనక్కి లాగేటప్పుడు ఆ అచ్చును మోయిస్తారు. గుంపుగా ఆడే డెంసా నృత్యం వరసల్లో అయితే ఇది మరీ జాగ్రత్తగా చేయాలి, ఎందుకంటే అడుగు వేసేవాళ్లు కమాను ఊపునే వింటారు. అదనపు మాత్ర పడితే వరుసలో నలుగురు ఒకేసారి తడబడతారు.

పల్లవి మొదటి పాదం పాతదే ఉంచడం మా పద్ధతి. అది వినగానే ముసలివాళ్లకు వరస తెలిసిపోతుంది, వంత తప్పకుండా అందుకుంటారు. కొత్త సంగతి రెండో పాదం నుంచి మొదలవుతుంది. పత్తి ధర, ప్రాణహిత మీద వంతెన, బడి మానేసిన ఆడపిల్ల, సారా, ఏదైనా కావచ్చు. ఇది మేము కనిపెట్టిందేమీ కాదు. పూర్వం నుంచీ ప్రధాన్ తన దాత, అంటే తనను పోషించే గోండు కుటుంబం, ఇంటికి వెళ్తే గోండుల మూలపురుషుడు పహండి కుపార్ లింగాల్ కథ కథలాగే చెప్పి, ఆ దాత వంశాన్ని, ఆ ఏటి పంటను, చనిపోయినవారిని అప్పటికప్పుడు మాట కట్టి పాడేవాడు. 1940లలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో ఉండి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ప్రధాన్ల కథలు రాసుకున్న నాటికీ ఈ కళ పాడేవాడి నోట్లో బతికి ఉంది. కాగితాన్ని చూసి పాడింది కాదు. కొత్త మాట కట్టడం ఆ సంప్రదాయంలోని పనే. దాన్ని విడదీసి చూసే గడి మీ దరఖాస్తులో పుట్టింది.

ఇక మా కోరికలు.

1. దరఖాస్తుల్లో మూడో గడి పెట్టండి: ‘సంప్రదాయ వరస, సొంత రచన’. మహారాష్ట్రలో రాజర్షి శాహూ మహారాజ్ పేరుతో వృద్ధ సాహిత్యకారులకు, కళాకారులకు ఇచ్చే గౌరవ వేతనం 2024 ఏప్రిల్ నుంచి నెలకు 5,000 రూపాయలు. 50 ఏళ్లు నిండి ఉండాలి, 15 ఏళ్ల కృషి చూపాలి. పథకం మంచిదే, అందులో సాహిత్యమూ ఉంది, కళా ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎటు రాయాలో చెప్పేవాళ్లు లేరు. ఒక జిల్లాలో మావాడి దరఖాస్తును కళ నుంచి సాహిత్యానికి, సాహిత్యం నుంచి కళకు తిప్పి, చివరికి గడువు దాటిందన్నారు. నెలకు 5,000 అంటే మా ఇళ్లలో కిరాణా, మందులు. అవి లేక కిక్రి గోడకు తగిలించి పత్తి ఏరడానికి పోతున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర నేర్చుకోవలసిన పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

2. 15 ఏళ్ల కృషికి గ్రామసభ తీర్మానాన్ని రుజువుగా ఒప్పుకోండి. ప్రశంసాపత్రాలు, పత్రిక ముక్కలు, ఆహ్వాన పత్రికలు తెమ్మంటున్నారు. పెళ్లిలో, దినంలో, గోండుల వంశ దైవమైన పెర్సాపెన్ పూజలో వాయించినవాడికి దాత ధాన్యం పెడతాడు, బట్ట పెడతాడు, స్తోమత ఉంటే పశువును ఇస్తాడు. ప్రశంసాపత్రం ఇవ్వడు. పదిహేనేళ్లు ఎవరి ఇళ్లలో వాయించాడో ఆ ఇళ్లవాళ్లే గ్రామసభలో కూర్చుంటారు, వాళ్లకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

దీనికి సరిహద్దు చిక్కు తోడైంది. రాజురా, కిన్వట్ 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోవే. గీత మారినా దాతల ఇళ్లు మారలేదు. పుష్య మాసంలో కెస్లాపూర్ నాగోబా జాతరకు, కెరమెరి వైపు జంగుబాయి క్షేత్రానికి ఇక్కడి నుంచి వెళ్లి వాయించి వస్తారు. ఆ వాయింపు ‘పరాయి రాష్ట్రంలోది’ అని లెక్కలోకి తీసుకోవడం లేదు. తోటీల సంగతి ఇంకా విచిత్రం. తెలంగాణలో వాళ్లు ప్రత్యేక దుర్బల గిరిజన సమూహం. మహారాష్ట్రలో ఆ గుర్తింపు కోలాం, కాత్కరీ, మాడియా గోండులకే ఉంది. షెడ్యూల్డు తెగగా కూడా తోటీల పేరు కొన్ని జిల్లాలకూ, చంద్రపూర్ జిల్లాలో రాజురా తాలూకాకూ మాత్రమే పరిమితం. అన్నదమ్ములిద్దరూ ఒకే వరస వాయిస్తారు, ఇద్దరి కాగితాలు మాత్రం వేరు. జాబితా మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. అవతల వాయించిందాన్ని కృషిగా లెక్కించడం మీ చేతిలోనే ఉంది.

3. మైకుసెట్టు విషయం. చిన్నది అనిపిస్తుంది గాని జనం మా పాట విని లేచిపోయేది ఎక్కువగా దీనివల్లే. కాబట్టి పూర్తిగా రాస్తున్నాం.

ఒకే మైకు ఇస్తే పాడేవాడు వంగి గొంతు వినిపించాలి, లేదా కిక్రి పైకెత్తి కమాను తిప్పలేక తిప్పాలి. రెండు మైకులు కావాలి, గొంతుకు ఒకటి, కిక్రికి ఒకటి. కిక్రి మైకు తోలుకు సుమారు 15 సెంటీమీటర్ల దూరంలో, కమాను దారికి పక్కగా ఉండాలి. కమాను కిందికి గురిపెడితే వెంట్రుకల గీత శబ్దమే వస్తుంది, స్వరం రాదు. 100 హెర్ట్జ్ కింద కోసేయండి, వేదిక మీద అడుగుల దబదబ పోతుంది. చెవిలో గుచ్చినట్టుంటే 2,500 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య కొద్దిగా తగ్గించండి. తీగ పదును అక్కడే ఉంటుంది, బొత్తిగా చంపేయకండి. ఎకో నింపకండి. కిక్రి జవాబు మీద దాని నీడే వచ్చి పడితే వంతవాడికి ఎక్కడ అందుకోవాలో తెలియదు.

మానిటర్ బాక్సు కిక్రికి ఎదురుగా పెడితే తోలు దానంతట అదే అదిరి కూత పెడుతుంది. మీవాళ్లు వెంటనే కిక్రి వాల్యూమ్ తగ్గిస్తారు, డోలు ఒక్కటే మిగులుతుంది. బాక్సును మైకు వీపు వైపుకు జరపండి చాలు.

తోలుకు వాతావరణం పడదు. పుష్య మాసం రాత్రి మంచుకు తోలు మెత్తబడుతుంది, దాని మీద నిలిచి తీగలను మోసే చెక్క ముక్క (‘గుర్రం’) కిందికి దిగుతుంది, శ్రుతి పడిపోతుంది, కమాను ఒక తీగకు బదులు రెంటిని రుద్దుతుంది. అందుకే మావాళ్లు మంట దగ్గర తోలు కాచుకుంటారు. వేదిక దీపాల వేడిలోకి రాగానే అదే తోలు మళ్లీ బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. పేరు పిలిచిన నిమిషంలో ఎక్కించి పాడమంటే మొదటి పాటంతా అపశ్రుతే. పది నిమిషాల ముందు వేదిక మీద ఒక మూల కూర్చోనివ్వండి. మంత్రిగారి ప్రసంగం జరుగుతున్నా ఫర్వాలేదు, మేము చప్పుడు చేయం.

4. కీబోర్డు వాయించేవారికి విన్నపం. కిక్రి శ్రుతి పాడేవాడి గొంతును బట్టి ఉంటుంది. హార్మోనియం శ్రుతి లెక్కలో చాలాసార్లు ఒకటిన్నరకూ రెండుకూ నడుమ ఎక్కడో నిలుస్తుంది. ‘రెండున్నరకు రండి, మా ట్రాక్ అందులో ఉంది’ అంటే ఏమవుతుందో చూడండి. అదే తీగను ఒకటిన్నర నుంచి రెండున్నరకు లాగితే తీగ మీద బిగువు నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది. తీగ తెగుతుంది, లేదా ఆ ఒత్తిడికి తోలు చినుగుతుంది. మారుమూల ఊళ్లో రాత్రి పదింటికి తోలు ఎక్కడ దొరుకుతుంది? మీ కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ ఉంది, దాని పక్కనే ఫైన్ ట్యూన్ ఉంది. అర నిమిషం పని. స్టూడియోల వాళ్లకూ ఇదే మాట. స్వరాలను కంప్యూటర్‌తో సరిచేసే ఆటోట్యూన్ పెట్టి కిక్రి స్వరాలను పియానో మెట్లకు అతికించకండి. రెండు మెట్ల మధ్య జారే స్వరమే ఈ వరసల గుర్తు. అది పోతే మిగిలేది ఏ ఊరి పాటైనా కావచ్చు.

5. హక్కులు. ఇక్కడ జరుగుతున్నది తెలిసి జరుగుతోందో తెలియక జరుగుతోందో గాని, నష్టం పెద్దది.

1957 కాపీరైట్ చట్టంలో పాట మాటకు ఒక హక్కు, బాణీకి ఒక హక్కు, రికార్డింగ్‌కు ఒక హక్కు. పాడినవాడికి, వాయించినవాడికి వేరే హక్కు ఉంది, అది 50 ఏళ్లు నడుస్తుంది. మాట రాసినవాడి హక్కు అతని జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. పాత వరస ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒక్క సంతకంతో ‘సర్వ హక్కులు శాశ్వతంగా’ అని రాయించుకుంటున్నారు, అదీ చదవలేని భాషలో. హక్కు బదిలీ పత్రంలో కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా భావిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణ తరవాత రికార్డింగ్ వాడకం మీద వచ్చే రాయల్టీలో రచయిత, స్వరకర్తల సమాన వాటాను వారసులకు గాని, కాపీరైట్ సొసైటీకి గాని తప్ప ఇంకెవరికీ వదులుకోవడానికి వీల్లేదు. స్టాంపు కాగితం ఏమన్నా సరే.

రెండో దెబ్బ కంటెంట్ ఐడీది, అంటే ఒకరి రికార్డింగ్ మరొకరి వీడియోలో ఉందేమో యూట్యూబ్ తానే వెతికే ఏర్పాటుది. ఒక ఛానెల్ తన రికార్డింగ్‌ను యూట్యూబ్‌లో నమోదు చేస్తుంది. అందులో కిక్రి వాయించిన వరస పది ఊళ్లది. తరవాత పక్క తాలూకా కుర్రవాడు అదే వరస మీద తన మాట కట్టి పెడితే వాడి పాట మీద క్లెయిమ్ పడుతుంది, ఆదాయం అవతలివాళ్లకు పోతుంది. వాడు అభ్యంతరం పెడితే అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజులు గడువు. పాట నలుగురూ వినే నెల అదే. ప్రత్యేక హక్కు లేనిదాన్ని కంటెంట్ ఐడీలో ఎక్కించకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది.

అందుకని ఛానెళ్ల వాళ్లను, స్టూడియోల వాళ్లను అడుగుతున్నది ఇది. ప్రతి పాట కింద నాలుగు వరుసలు రాయండి. వరస: సంప్రదాయం, ఏ సందర్భానిది, ఏ ప్రాంతానిది. మాట: కట్టినవారి పేరు. కిక్రి, గానం, వంత: పేర్లు. రికార్డింగ్: మీ పేరు. ‘ఫోక్ సాంగ్’ అని రాసి కింద మీ ఛానెల్ పేరు మాత్రమే పెట్టడం మానండి. ఒప్పందం తెలుగులో గాని, మరాఠీలో గాని, సంతకం పెట్టేవాడు చదవగలిగే భాషలో ఉండాలి. ఒక ప్రతి అతనికి ఇవ్వాలి. అధికారులను అడుగుతున్నది వేరు. మాటకు కాపీరైట్ నమోదు రుసుము ఒక్కో రచనకు 500 రూపాయలు. నమోదు తప్పనిసరి కాదు గాని తగాదా వస్తే చేతిలో కాగితం ఉంటుంది. ఏడాదికి ఒకసారి తాలూకా కేంద్రంలో శిబిరం పెట్టి ఆ దరఖాస్తులు నింపించండి.

6. చెక్క, తోలు, వెంట్రుకలు. అటవీ హక్కుల చట్టం (2006) చెప్పే చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురుతో పాటు మొద్దులు (నరికిన చెట్ల మొదళ్లు) కూడా ఉన్నాయి. డొల్ల తొలవడానికి ఎండిన మొద్దు చాలు. చట్టంలో ఉన్న మొద్దు తనిఖీ గేటు దగ్గర మాత్రం దొంగ కలప అయిపోతోంది. గ్రామసభ ఇచ్చిన చీటీని గేటు దగ్గర ఒప్పుకోవాలని అటవీ సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పండి. ఉడుము తోలు 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, దాన్ని సమర్థించే ఉద్దేశం మాకు లేదు. మేక తోలుతో పని జరుగుతుంది. కాకపోతే తోలు చూడగానే కేసు పెడతామని బెదిరించడం ఆపాలి. గుర్రపు తోక వెంట్రుకలు పెళ్లి గుర్రాల వాళ్ల దగ్గర తప్ప దొరకడం లేదు. నైలాన్ దారం కడితే గుగ్గిలం నిలవదు, కమాను జారుతుంది, స్వరం బదులు కీచు వస్తుంది. వాయిద్యాలు పంచే పథకాల్లో హార్మోనియం, డోలక్ ఇస్తున్నారు. వాటితో పాటు కమాను వెంట్రుకలు, గుగ్గిలం, తీగలు కూడా ఇవ్వండి. ఖర్చు చాలా తక్కువ.

7. డబ్బు. సిరొంచ నుంచి గడ్చిరోలికి 200 కిలోమీటర్లకు పైనే. నలుగురు మనుషులు, వాయిద్యాలు, ఒక రాత్రి బస. దారిఖర్చు ముందుగా, పారితోషికం పాడిన రోజే, ఎవరిది వారి ఖాతాలో వేయండి. ‘బృందం నాయకుడి’ ఖాతాలో వేస్తే వంతవాడికి చేరేది ఎంతో మీకూ తెలుసు.

8. ఇది కోరిక కన్నా హెచ్చరిక. పెర్సాపెన్ ముందు పాడే కథలను, చావు ఇంట పాడేవాటిని వేదిక మీద ‘ఐదు నిమిషాల్లో’ పాడమని అడగకండి, రికార్డు చేయమని ఒత్తిడి పెట్టకండి. వాటి మీద మేమూ కొత్త మాట కట్టం. ఏ వరస తీసుకోవచ్చో, ఏది తీసుకోకూడదో దాతల ఇళ్ల పెద్దలు చెబుతారు. వాళ్లను అడిగాకే కార్యక్రమ పట్టిక అచ్చు వేయండి.

ఇవి జరగకపోతే నష్టం మాతో ఆగదు. పూజకు కిక్రి లేక అవతలి జిల్లా నుంచి మనిషిని పిలిపించుకుంటున్న గోండు ఇళ్లు ఇప్పటికే ఉన్నాయి. ఆ మనిషి రాకపోతే తిథి దాటిపోతుంది, లేదా ఫోన్‌లో పాట పెట్టి తంతు కానిచ్చేస్తున్నారు. ఆ ఫోన్ పాటకు వంత ఉండదు, ఆ ఇంటి చనిపోయినవారి పేర్లు అందులో ఉండవు. సారా మీద, పత్తి దళారుల మీద, అప్పుల మీద ఊరి భాషలో మాట్లాడే గొంతూ దాంతోపాటే తగ్గుతుంది.

వచ్చే పుష్య మాసం జాతరలలోగా 1, 2, 3, 7 కోరికల మీద రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. వాటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. 5, 6 మీద జిల్లా స్థాయిలో సమావేశం పెట్టండి. స్టూడియోల వాళ్లను, అటవీ అధికారులను, దాతల ఇళ్ల పెద్దలను ఒకే గదిలో కూర్చోబెట్టండి. మేము వస్తాం, చట్టం ప్రతులు, ఒప్పందాల నకళ్లు తెస్తాం. జవాబు రాకపోతే ఈసారి ప్రభుత్వ ప్రచార పాటలకు కిక్రి పట్టం. జాతరల్లో, దాతల ఇళ్లలో మాత్రం ఎప్పటిలాగే వాయిస్తాం.

ఇట్లు,
కిన్వట్, రాజురా, కోర్పన, జివతి, సిరొంచ తాలూకాల కిక్రి వాద్యకారులు, వంతవాళ్లు, పాట కట్టేవాళ్లు